సారీ చెప్పిస్తే సరిపోదు

సంపాదకుల వారికి,

బడిలో ఒక పిల్లాణ్ని మరొకడు రోజూ ఏడిపిస్తున్నాడని తెలిస్తే మన దగ్గర జరిగేది దాదాపు ఒకటే. ఇద్దర్నీ స్టాఫ్ రూముకి పిలుస్తారు, ఇద్దరికీ చీవాట్లు పెడతారు, సారీ చెప్పించి చేతులు కలిపిస్తారు. ఊళ్లో పెద్దమనుషులు తగువు తీర్చే పద్ధతే బడిలోకీ వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ప్రాథమిక, ప్రాథమికోన్నత బడుల్లో పాఠాలు చెబుతున్న మేము, ఆ పద్ధతి మానుకోవాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం.

బంతి కోసం ఇద్దరు సమఉజ్జీలు కొట్టుకుంటే అది తగువు. దానికి రాజీ కుదురుతుంది. వేధింపు అలా కాదు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తిప్పికొట్టలేని స్థితిలో ఉండటం దాని గుర్తులు. నార్వేలో డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించి చెప్పిన మాట ఇది. 1982లో అక్కడ ముగ్గురు మగపిల్లలు ఆత్మహత్య చేసుకున్నాక ఆ దేశం మేలుకుంది, 1983లో బడులన్నిటా వేధింపు ఆపే కార్యక్రమం మొదలుపెట్టింది.

బలం అంటే కండబలమే కాదు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లాడు, సవర గూడెం నుంచి హాస్టల్‌కొచ్చిన పిల్ల, అమ్మానాన్నలు వలసెళ్లి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల, వీళ్లకి వెనక నిలబడేవాళ్లు తక్కువ. ఆరో తరగతిలో ఇది మరీ ఎక్కువ. నాలుగైదు ఊళ్ల పిల్లలు ఒక్క హైస్కూల్లో చేరతారు, పెద్ద ఊరి పిల్లలు గుంపుగా వస్తారు, చిన్న ఊరి నుంచి ఒక్కడే వస్తాడు. జూన్, జూలై నెలల్లో ఆ ఒంటరి పిల్లల మీద కన్నేసి ఉంచాలి.

ఎదురెదురుగా నిలబెట్టి అడిగితే దెబ్బతిన్న పిల్ల నిజం చెప్పదు. ‘ఏటీ నేదు సార్’ అంటుంది. గేటు దాటాక అవతలివాళ్లు ‘సారుకి సెప్పీసినావేటి?’ అని పట్టుకుంటారు. మర్నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పదు. బెత్తంతో కొట్టినా ఫలితం ఇంతే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించిందన్నది అలా ఉంచినా, కొట్టించుకున్నవాడు ఆ కసి మళ్లీ ఆ పిల్ల మీదే తీర్చుకుంటాడు.

ముందు బాధపడిన బిడ్డతో ఒంటరిగా మాట్లాడాలి. ‘నువ్వేం చేశావు?’ అని మాత్రం అడగకూడదు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరెవరు, ఎవరు చూశారు అని అడిగి ఆ రోజే తేదీ వేసి రాసుకోవాలి. తర్వాత గుంపులోని పిల్లల్ని ఒకే పీరియడ్లో, ఒకరి తర్వాత ఒకర్ని విడివిడిగా పిలవాలి. మధ్యలో ఇంటర్వెల్ వస్తే అందరూ ఒకే కథ కట్టేస్తారు. ఎవరు చెప్పారో బయటపెట్టకుండా, ‘భోజనాల దగ్గర జరుగుతున్నది మాకు తెలుసు, అది ఇవాల్టితో ఆగాలి’ అని పని పేరు పెట్టి చెప్పాలి. రెండు రోజులకి, వారానికి, నెలకి ఆ బిడ్డని మళ్లీ విడిగా అడగాలి. ఎక్కువ బడుల్లో పని చెడేది ఇక్కడే. మొదటి రోజు హడావుడి చేసి మర్చిపోతాం, వాళ్లు పది రోజులు ఆగి మళ్లీ మొదలెడతారు.

క్లాసులో టీచరుండగా జరిగేది తక్కువ. మధ్యాహ్న భోజనం లైను, కంచాలు కడిగే కుళాయి, మరుగుదొడ్లు, ఇంటికెళ్లే ఆటో, వీటి దగ్గర చూడండి. కుళాయి కింద వంగిన పిల్ల వీపు మీద ఎంగిలి నీళ్లు పడతాయి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, మొత్తం అర నిమిషం. చార్టు మీద బడి పటం గీసి, పేర్లు రాయకుండా, భయం వేసే చోట చుక్క పెట్టమనండి. చుక్కలు గుమిగూడిన చోట, పిల్లలు అక్కడ చేరే వేళకి ఓ ఇరవై నిమిషాలు ఒక టీచరు నిలబడితే చాలు.

ఆ నవ్వే పిల్లలే కీలకం. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన కివా కార్యక్రమం ప్రధానంగా వాళ్ల మీదే దృష్టి పెట్టింది. చూసేవాళ్లు నవ్వకపోతే ఏడిపించేవాడికి పస తగ్గుతుంది. ఎదురెళ్లి పోట్లాడమని పిల్లలకి చెప్పక్కర్లేదు. ‘రాయే, నీళ్లకెల్దాం’ అని చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లడం నేర్పండి. ‘చాడీలు చెప్పకు’ అనే మాట టీచర్లు మానాలి. అలాగే ‘నల్లోడా’, ‘నత్తోడా’ అని మనమే పిలిస్తే క్లాసంతటికీ అనుమతి ఇచ్చినట్టే.

తల్లిదండ్రులకి. చిన్న తరగతుల్లో పెన్సిళ్లు పోవడం, పుస్తకాలు చిరగడం, పొద్దున్నే కడుపునొప్పి కనిపిస్తాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో ఆటలో చేర్చుకోకపోవడం, పుకార్లు, వాట్సాప్ గ్రూపులో ఎగతాళి ఎక్కువ, ఒంటి మీద దెబ్బలుండవు. సాయంత్రం ఇంటికి రాగానే బిడ్డ మరుగుదొడ్డికి పరిగెడుతోందంటే బడిలో రోజంతా ఎందుకు ఆపుకుందో అడగండి. ‘నువ్వూ తిరిగి కొట్టు’ అనకండి. కొట్టగలిగితే ఇంతదూరం వచ్చేది కాదు. అవతలి పిల్లాడి ఇంటి మీదికీ వెళ్లకండి, అది రెండు వీధుల గొడవవుతుంది. ఫోన్లో వచ్చినవి చెరపకుండా స్క్రీన్‌షాట్ తీసి, జరిగింది కాగితం మీద రాసి హెచ్చెమ్‌కి ఇవ్వండి. బడి పట్టించుకోకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి, డబ్బు పడదు.

2024 డిసెంబర్ 7న మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు మొదలయ్యాయి. వాటిలో మార్కులు, ముగ్గుల పోటీల మధ్య ఈ విషయానికి పదిహేను నిమిషాలు ఇవ్వాలని జిల్లా విద్యాశాఖని కోరుతున్నాం. ప్రతి బడిలో ఫిర్యాదులు రాసే నోటు పుస్తకం ఒకటి హెచ్చెమ్ బీరువాలో, తాళం కింద ఉండాలి. అందులో రెండు రోజులు, వారం, నెల తర్వాత బిడ్డ ఏం చెప్పిందో రాయడానికి గడులుండాలి. ఎంఈఓలు తనిఖీకి వచ్చినప్పుడు హాజరు పట్టీతో పాటు ఆ గడులు నిండాయో లేదో కూడా చూడాలి.

– కొందరు ఉపాధ్యాయులు, శ్రీకాకుళం జిల్లా