వార్షిక నివేదిక: మన తోటల మీది కరెంటు లైన్ల డ్రోన్ పరిశీలన

కొబ్బరి రైతుల సంఘం సభ్యులకు నమస్కారం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన ఉద్దానం కొబ్బరి ప్రాంతంలో చెట్లతోపాటు కరెంటు స్తంభాలు ఎలా కూలిపోయాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ తరువాత మనం నాటిన మొక్కలు ఏపుగా పెరిగి, వాటి మట్టలు ఇప్పుడు 11 కేవీ తీగలను తాకుతున్నాయి. కాస్త గాలి వీస్తే చాలు ఫీడరు (మనకు కరెంటు తెచ్చే 11 కేవీ లైను) ట్రిప్ అయి సరఫరా ఆగిపోతోందని గత సర్వసభ్య సమావేశంలో పలువురు సభ్యులు ఫిర్యాదు చేయగా, తోటల మీదుగా పోయే లైనును డ్రోన్‌తో పరిశీలింపజేయాలని కార్యవర్గం తీర్మానించింది.

లైను మనది కాదు కనుక విద్యుత్ శాఖ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి అనుమతి తీసుకొని, లైన్‌మన్ సమక్షంలోనే పని జరిపించాము. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 2 కిలోలకు మించి 25 కిలోల వరకు బరువున్న డ్రోన్‌ను నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. మొదట మాట్లాడుకున్న ఆపరేటరు దగ్గర అది లేకపోవడంతో ఆయనను వెనక్కి పంపించి, మరొకరిని కుదుర్చుకున్నాము. దానివల్ల పని ఆలస్యమైంది, కొందరు సభ్యులు విసుక్కున్నారు కూడా. అయినా ఈ విషయంలో చూసీచూడనట్లు పోకపోవడమే సరైనదని కార్యవర్గం అభిప్రాయం.

మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఎక్కువవుతుంది, ఎండకు ఇనుప సామానంతా వేడెక్కి వేడిని చూపే థర్మల్ కెమెరాకు తేడా తెలియదు. అందువల్ల మోటార్లన్నీ నడిచి తీగల్లో కరెంటు బాగా పారే ఉదయపు వేళనే ఎంచుకున్నాము. చెరువు గట్టు మీది స్తంభం దగ్గర జంపరు (స్తంభం దగ్గర తీగలను కలిపే చిన్న తీగ) క్లాంపు తెరపై తెల్లని చుక్కలా మెరిసింది. పక్క ఫేజుల క్లాంపులు మాత్రం నల్లగానే ఉన్నాయి. లైన్ క్లియర్ (లైనులో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకొని లైన్‌మన్ దాన్ని విప్పి దింపగా, ఉప్పుగాలికి బోల్టు తుప్పుపట్టి సగం అరిగిపోయి ఉంది. పట్టు వదులైన చోట నిరోధం పెరిగి, కరెంటు పారేకొద్దీ వేడి పుడుతుందని, చివరికి జంపరు తెగిపోతుందని ఆయన వివరించారు. తీగను మోసే పింగాణీ వంటి పిన్ ఇన్సులేటర్ల మీద ఉప్పు పొర కూడా ఫొటోల్లో కనిపించింది, వాటిని తుడిపించారు.

అన్నిటికంటే ఉపయోగపడినవి మట్టల ఫొటోలే. ఒక్కో మట్ట మొదలు దగ్గర ఒక్కో గెల వస్తుంది కనుక పచ్చి మట్ట కొట్టించడానికి ఏ రైతుకూ మనసొప్పదు. ఇదివరకు కింద నుంచి అంచనా వేసి చెట్టు తల సగం నరికేసిన సందర్భాలున్నాయి, వాటి తగాదాలు కార్యవర్గం దాకా వచ్చాయి కూడా. ఈసారి తీగకు తగిలే మట్ట ఏదో పై నుంచి తీసిన ఫొటోలో రైతుకు చూపించి, దాన్ని మాత్రమే కొట్టించాము. చాలా చెట్లకు ఒకటి రెండు మట్టలతోనే పని తీరిపోయింది.

పెరళ్ల మీద డ్రోన్ ఎగరడంపై మహిళా సభ్యులు వ్యక్తం చేసిన అభ్యంతరం న్యాయమైనదే. ఇళ్లు కనిపించిన ఫొటోలను వారి ఎదుటే తీసివేయించాము. ఇకమీదట ముందురోజు దండోరా వేయించిన తరువాతే ఎగరవేస్తాము. ఖర్చు వివరాలు జమాఖర్చుల పట్టికలో వేరుగా ఉన్నాయి.

శ్మశానం దారిలో ఒరిగిన స్తంభాన్ని మార్చే పని ఇంకా మిగిలి ఉంది, దానికి అర్జీ ఇచ్చాము. వచ్చే పరిశీలనను అక్టోబరు తుఫాన్లకు ముందే, సెప్టెంబరులో జరపాలని ప్రతిపాదిస్తున్నాము. మట్టలు కొట్టడానికి ఇంకా సమ్మతి తెలపని సభ్యులు ఆలోగా తమ తోట ఫొటోలను సంఘం కార్యాలయంలో చూసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి