పంక్ వెస్ట్‌కు వెనిగర్ వద్దు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పాత జీన్స్ జాకెట్‌ను పంక్ వెస్ట్‌గా, అంటే పంక్ సంగీతాన్ని ఇష్టపడేవాళ్లు (పంకులు) ప్యాచ్‌లు అనే బొమ్మల గుడ్డముక్కలు, స్టడ్‌లు అనే లోహపు బొడిపెలు పెట్టి తొడిగే చేతుల్లేని జాకెట్‌గా, మార్చుకునే పద్ధతి వేశారు. కుర్రకారు చేత సూదీదారం పట్టించే ప్రయత్నం మంచిదే. కానీ అందులో ఒక సలహా ప్రమాదకరం. బ్లీచ్ చల్లిన బట్టను వెనిగర్ నీళ్లలో ముంచితే రంగు పోవడం ఆగుతుందని రాశారు. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి వెనిగరే కాదు, నిమ్మరసం తగిలినా క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. బట్టను ముందు నీళ్లలో బాగా జాడించాలి. తర్వాత మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి పది నిమిషాలు నానబెట్టి, మళ్లీ జాడిస్తే చాలు. బ్లీచ్‌ను కూడా సగానికి సగం నీళ్లు కలిపి, ఆరుబయటే చల్లాలి. అనుకున్న రంగు రాకముందే ఆపేయాలి. తడి మీద ముదురుగా కనిపించింది ఆరాక వెలిసినట్టు తేలుతుంది. నల్ల జీన్స్ తెల్లబడదు, చాలావరకు ఇటుక రంగుకు తిరుగుతుంది. సాగే జీన్స్ అసలు వద్దు. బ్లీచ్ తగిలితే ఆ సాగే పోగులు చచ్చిపోతాయి. బ్లీచ్ వేయకపోయినా, సాగే బట్ట మీద సాగని ప్యాచ్ కుడితే చుట్టూ ముడతలు పడతాయి.

చేతులు కత్తిరించే విషయంలోనూ వ్యాసం తలకిందులుగా చెప్పింది. చంక కుట్టుతో సహా తీసేయమన్నారు. రెండు వరసల ఆ మడత కుట్టే అంచును పట్టి ఉంచేది. చంక వంపులో బట్ట ఏటవాలుగా తెగుతుంది కాబట్టి, కుట్టు పోతే చంక సాగి నోరు తెరుస్తుంది, పోగులు భుజం దాకా లేచిపోతాయి. కుట్టుకు చేతి వైపున ఒక సెంటీమీటరు వదిలి కోయండి. ఒకటి రెండు ఉతుకులకు ఆ సెంటీమీటరు కుచ్చులా ఊడి, కుట్టు దగ్గర ఆగుతుంది.

ఇస్త్రీతో అంటించే ప్యాచ్‌ల జిగురు నాలుగు ఉతుకులకు అంచుల్లో లేస్తుంది. అంటించినా కుట్టాల్సిందే. పంకులు పళ్ల మధ్య వాడే ఫ్లాస్ దారంతో కుట్టుకోవడం గొప్ప కోసం కాదు. మైనం పట్టించిన నైలాన్ ఫ్లాస్ మామూలు దారం కన్నా గట్టిది, చిక్కు పడదు. టెఫ్లాన్ రకం మాత్రం ముడి నిలవనివ్వదు. నైలాన్ ఫ్లాస్‌కు బాగా వేడెక్కిన ఇస్త్రీపెట్టె నేరుగా తగిలితే కరిగిపోవచ్చు. ప్యాచ్ బట్టను ముందే ఒకసారి ఉతకాలి, లేకపోతే కుట్టాక అది కుంచించుకుపోయి జాకెట్‌ను లాగుతుంది. కుట్టు పొడవు 3, 4 మిల్లీమీటర్లు చాలు. జేబు మీద కుట్టేటప్పుడు రెండో చెయ్యి జేబులో పెట్టుకోండి. జేబు మూసుకుపోయేలా కుట్టేయడం ఇందులో అందరికీ తెలిసిన పొరపాటు.

అక్షరాలు కోసి, ఆ సందుల్లోంచి రంగు అద్దే స్టెన్సిల్‌కు పాత ఎక్స్‌రే ఫిల్మ్ మంచిది. తెలుగులో రాస్తే సున్నాల లోపలి ముక్క, ‘ఠ’లో చుక్క ఊడిపోతాయి కనుక వాటిని పట్టి ఉంచేలా 3 మిల్లీమీటర్ల వంతెనలు కోయకుండా వదలాలి. ఫ్యాబ్రిక్ రంగులో నీళ్లు కలపకుండా, దాదాపు పొడిగా ఉన్న స్పాంజితో అద్దాలి. బ్రష్‌తో పూస్తే రంగు ఫిల్మ్ కిందికి పాకుతుంది. ఒక రోజు ఆరాక తిరగేసి ఇస్త్రీ చేసి, మూడు రోజుల దాకా తడపకండి.

ఆన్‌లైన్‌లో రెడీమేడ్ ప్యాచ్‌ల సెట్ కొనమన్న సలహా మాకు నచ్చలేదు. 1970లలో లండన్ కింగ్స్ రోడ్డు 430 నంబరు దుకాణంలో పంక్ దుస్తులకు పేరు తెచ్చిన వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కమ్ మెక్‌లారెన్ అమ్మినవీ ఖరీదైన బట్టలే. కొనలేని పిల్లలు పిన్నీసులతో, చేతిరాతతో తామే చేసుకోబట్టే ఈ పద్ధతి నిలిచింది. చేతులు తీసేసిన జీన్స్ జాకెట్ ఆ దుకాణంలో పుట్టిందని మీ వ్యాసం అనడమూ సరికాదు. అంతకు ముందే అమెరికా మోటార్‌సైకిల్ క్లబ్బులవాళ్లు దాన్ని తొడిగేవారు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి. వీపు మీద పైన ఒక వంపు పట్టీ, మధ్యలో బొమ్మ, కింద ఇంకో వంపు పట్టీ పెట్టడం ఆ క్లబ్బుల గుర్తు. సరదాకి పెట్టుకున్నా వీధిలో తగాదా రావచ్చు. వీపుకు ఒకే ముక్క ప్యాచ్ వాడండి.

స్టడ్‌లు అన్నిటికన్నా చివర్న. ముందే కొడితే కుట్టడానికి దారి ఉండదు. 12 మిల్లీమీటర్ల పిరమిడ్ ఆకారపు స్టడ్‌లు ఆనించి పెడితే 40 సెంటీమీటర్ల వరసకు 33 పడతాయి. కాళ్లను లోపలికి మడిచి, వాటి మీద పల్చటి గుడ్డ కుట్టకపోతే చొక్కా చిరుగుతుంది. మరతో బిగించే ముళ్లకు మర మీద ఒక చుక్క గోళ్ల రంగు వేస్తే వదులుకావు. విశాఖ, కాకినాడ గాలికి, చెమటకు పూత వేసిన ఇనుప స్టడ్‌లు తుప్పు పడతాయి, ఇత్తడివి కొనండి. ఉతికేది తిరగేసి, చన్నీళ్లలో, చేత్తోనే. ఆరేసేది నీడలో.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు, విశాఖపట్నం