శీనాకు, బెంగళూరు నుంచి

బెంగళూరు,
ఆదివారం రాత్రి

రేయ్ శీనా,

నీ ఫోన్ ఎత్తలేదని ఏమనుకోవద్దు. ఈ వారమంతా ఎమ్మారై గదిలోనే గడిచింది. ఒక సంగతి నీకు తీరిగ్గా చెప్పాలనిపించి ఉత్తరం మొదలుపెట్టినా.

గురువారం కళ్యాణదుర్గం పక్క నుంచి ఒకాయన వచ్చినాడు. శెనక్కాయ రైతు. భార్యాభర్తలిద్దరూ రాత్రి బస్సెక్కి, చీకటితోనే మెజెస్టిక్‌లో దిగి, అక్కడే మొగం కడుక్కొని నేరుగా మా దగ్గరికే. అనంతపురంలో ఎకో, అదే గుండె అల్ట్రాసౌండ్ స్కాను, తీయించుకున్నారు. పంపింగ్ 30 శాతమని కాగితంలో ఉంది. ఎందుకు పడిపోయిందో మాత్రం ఎకోలో తేలలేదు. పాత గుండెపోటా, కండరం వాచిందా, ఇంకేదన్నానా? అది తెలీకుండా వైద్యం ఎట్లా? అందుకే గుండె ఎమ్మారై రాసినారు.

ఊపిరి ఆపమని మా మెషీన్ ఇంగ్లీషులో చెప్తుంది. మొదటి బొమ్మల్లో గుండె అంచులన్నీ చెదిరిపోయినాయి. పాపం, ఆయనకి ఆ మాటే అర్థం కాలేదురా. రికార్డు ఆపేసి మైకులో నేనే చెప్పినా: "అన్నా, గాలి పీల్చుకో... వదిలెయ్... అట్లే ఆపు." పది సెకన్లు. నాలుగు గదులూ, కవాటాలూ కళ్ళకు కట్టినట్టు వచ్చినాయి. మళ్ళీ మళ్ళీ చెప్పినా, ఒక్కసారి కూడా తప్పలేదు ఆయన.

తర్వాత గాడోలినియం, అదే బొమ్మలో తేడా తేల్చే మందు, నరానికి ఎక్కించి పది నిమిషాలు ఆగినాం. నువ్వెప్పుడూ గుండె తీయలేదు కాబట్టి చెప్తున్నా: అందులో బతికున్న కండ నల్లగా, మచ్చకట్టింది తెల్లగా కనపడుతుంది. గోడ మందంలో ఆ తెలుపు ఎంత తక్కువుంటే, రక్తం మళ్ళీ అందినాక ఆ కండ తేరుకునే అవకాశం అంత ఎక్కువని 2000లోనే అమెరికా డాక్టర్లు చూపించినారు. ఈయనకి లోపలి అంచున సన్నటి గీత, అంతే. ఆ కండ మళ్ళీ పనిచేసే ఆశ ఉందని మా డాక్టరు గారు చెప్పినప్పుడు ఆయమ్మ గోడకు ఆనుకొని కూలబడిపోయింది. కాసేపటికి తేరుకొని నన్నడిగింది: "ఈ బొమ్మ మా అనంతపురంలో తీయరా నాయనా?"

వెంటనే నువ్వు గుర్తొచ్చినావు.

అనంతపురంలో నీ దగ్గరుండేదీ మాలాంటి 1.5 టెస్లా అయస్కాంతం ఉన్న ఎమ్మారై మెషీనే కదా. పొద్దస్తమానం తలలూ నడుములూ తీస్తుంటావు. గుండెకి కావాల్సిన సాఫ్ట్‌వేరు, ఈసీజీ తీగలు పెట్టించుకుంటే అదే మెషీన్ గుండె కూడా తీస్తుంది. కోట్లు పెట్టి కొనాల్సింది ఎప్పుడో కొనేశారు. లేనిదల్లా దాన్ని నడపడం నేర్చిన మనిషి. గంటసేపు ఒక్కరికే పోతే మిగతా పేషెంట్ల సంగతేమని మీ ఓనరు అంటాడు, తెలుసు. పెరూలో, లిమా నగరంలో, అక్కరలేని రకాల బొమ్మలు వదిలేసి సగటున 18 నిమిషాల్లో ముగించి చూపించినారని చెప్పు. నీ నడుము స్కానుకీ దాదాపు అంతే కదా!

బొమ్మలు ఎవరు చదువుతారంటావా? 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండని చెన్నై అపోలోతో టెలిమెడిసిన్‌తో కలిపినారు. రాత్రిపూట నీ తలల బొమ్మలు వేరే ఊరి రేడియాలజిస్టే కదా చూసేది? గుండె బొమ్మలూ అదే దారిలో పోతాయి.

కష్టాలు లేవని అనను. నాడి తప్పే గుండెకి బొమ్మ సరిగ్గా కుదరదు. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేనివాళ్ళుంటారు. గాడోలినియం ఎక్కించే ముందు కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. ఇవన్నీ పక్కనుండి చూస్తేనే చేతికొస్తాయి. అందుకే రెండు వారాలు సెలవు పెట్టి రా. కె.ఆర్.పురంలో నా రూముంది, తిండికి ఇబ్బంది లేదు. మా డాక్టరు గారిని అడిగినా, నిన్ను పక్కన నిలబెట్టుకుంటామన్నారు.

మైకులో చెప్పే మాటలు తెలుగులో రాసి దీంతోపాటు పెడుతున్నా. చదివి, మనోళ్ళకి ఇంకా సులువుగా తెలిసేట్టు దిద్దు. ఎప్పుడు బయలుదేరుతున్నావో చెప్పు, మెజెస్టిక్‌కి నేనొస్తా.

నీ
రఘు