కేబుల్ ఎప్పటికి పడుతుందో తేదీ చెప్పండి, మంత్రిగారూ

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోది ఆన్‌లైన్‌లో పెడితే, "మీ విన్నపాన్ని సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఒక మెసేజ్ వచ్చింది. పదకొండు రోజులకు "పరిష్కరించబడినది" అని ఇంకో మెసేజ్. నేను అడిగింది ఒకటే ప్రశ్న. సముద్రం మీది గాలిమరల కరెంటును ఒడ్డుకు తెచ్చే కేబుల్, ఒడ్డున దాన్ని అందుకునే లైను ఏ తేదీకి సిద్ధమవుతాయి? ఆ తేదీ ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి అందరి ముందూ అడుగుతున్నాను.

ఇంత పట్టుదల ఎందుకంటారేమో. నేను పద్నాలుగేళ్లు గాలిమరల సైట్లలో సర్వీస్ ఇంజినీరుగా పనిచేశాను. దక్షిణాదిన ఒక సైట్‌లో ఉన్నప్పుడు, నైరుతి గాలి మొదలైందంటే టవర్ తలుపు తెరవడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. ఏడాది రాబడిలో ఎక్కువ భాగం ఆ నాలుగు నెలల్లోనే చేతికి రావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి ఫోను వచ్చేది, బ్యాక్‌డౌన్ చేయమని, అంటే ఉత్పత్తి తగ్గించమని. లైన్లో చోటు లేదు మరి. నేనే కూర్చుని ఒక్కో మిషన్‌నూ ఆపేవాణ్ణి. బ్లేడ్లు గాలికి అంచు తిప్పి, నెమ్మదించి, ఆగిపోయేవి. నెత్తిన గాలి హోరు, స్క్రీన్ మీద మాత్రం అంకె సున్నా కిందికి పోయేది. ఆగిన మిషన్ కూడా తన పంపులకీ హీటర్లకీ గ్రిడ్ నుంచే కరెంటు లాగుతుంది కదా. ఇచ్చేది పోయి, తీసుకునే పరిస్థితి. ఆ మైనస్ గుర్తు ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

నేల మీద ఉన్న మరలకే ఈ గతి పట్టింది. సముద్రంలో కట్టి, లైను లేక ఆపాల్సి వస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

మీకు తెలిసిన చరిత్రే అయినా గుర్తు చేయక తప్పడం లేదు. 2015లో ఆఫ్‌షోర్ విండ్ పాలసీ, అంటే సముద్రంలో గాలిమరల విధానం వచ్చింది. 2018లో గుజరాత్ తీరాన 1,000 మెగావాట్లకు ఆసక్తి ఉన్నవాళ్లు రండి అంటే 35 కంపెనీలు వచ్చాయి. అదే ఏడాది 2022కల్లా 5 గిగావాట్లు (ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు), 2030కల్లా 30 గిగావాట్లు అన్నారు. 2022 వచ్చింది, వెళ్లిపోయింది. ఆ డిసెంబరులోనే గుజరాత్, తమిళనాడు తీరాల్లో 10 గిగావాట్లకు లైన్ల ప్లాన్ వేసి రూ. 28,000 కోట్లు అవుతుందన్నారు. 2024 జూన్‌లో కేబినెట్ రూ. 7,453 కోట్లతో సముద్రపు గాలిమరలకు ఆర్థిక సాయం చేసే స్కీమ్ ఆమోదించింది. నేను నిజంగా సంబరపడ్డాను, ఇంట్లో అందరికీ చదివి వినిపించాను కూడా. మరలు కట్టేందుకు పిలిచిన టెండర్ల గడువు జరుపుతూ జరుపుతూ పోయి, చివరికి 2025లో వాటిని రద్దు చేశారు. పాలసీ వచ్చి పదేళ్లు దాటినా మన సముద్రంలో ఒక్క మర కూడా తిరగడం లేదు.

బిడ్లు ఎందుకు రాలేదో మీ అధికారులు చాలా కారణాలు చెబుతారు. నా అనుభవంలో అన్నిటికంటే పెద్ద టెన్షన్ కేబుల్‌దే. మరలు కట్టేవాడు బ్యాంకులో అప్పు తెస్తాడు. వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. సముద్రంలో సబ్‌స్టేషన్, అక్కడి నుంచి ఒడ్డుకు కేబుల్ వేసే బాధ్యత ప్రభుత్వ లైన్ల కంపెనీ పవర్‌గ్రిడ్‌దని స్కీమ్‌లో రాశారు, మంచిదే. కానీ మరలు మీ శాఖ కింద, లైన్లు విద్యుత్ శాఖ కింద. ఇవి సిద్ధమై అవి రాకపోతే అడగాల్సింది ఎవరిని?

ఇది నా భయం మాత్రమే కాదు, జరిగిన సంగతి. 2013లో జర్మనీలో రిఫ్‌గాట్ అని 30 మరల ప్రాజెక్టు పూర్తయింది. మొత్తం 108 మెగావాట్లు. కేబుల్ రాలేదు. అది వేయాల్సిన దారిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు సముద్రం అడుగున బయటపడ్డాయి, అవి తీసేదాకా పని సాగలేదు. ఈలోగా ఉప్పుగాలికి మరలు పాడవకుండా డీజిల్ జనరేటర్లు పెట్టి తిప్పారు. గాలిమరను డీజిల్‌తో తిప్పడం! వార్త చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరికి గానీ గ్రిడ్‌కు కలపలేకపోయారు.

అయితే ఆ దేశం ముందే జాగ్రత్తపడింది. కేబుల్ ఆలస్యమైతే పదకొండో రోజు నుంచి, పోయిన ఆదాయంలో 90 శాతం పరిహారంగా ఇవ్వాలని చట్టంలో రాసుకుంది. ఆ భారం కొంత జనం బిల్లుల మీదే పడుతుంది, నిజమే. కానీ బాధ్యత ఎవరిదో, ఎంతో ముందే తెలిసిపోయింది. మనకూ అలాంటి ఒక్క వాక్యం కావాలండీ.

సముద్రపు కేబుల్ అంటే కొట్టుకు వెళ్లి వైరు చుట్ట కొనుక్కొచ్చేది కాదని మీకు చెప్పక్కర్లేదు. ఒక్క మీటరు ముక్కే మనిషంత బరువు. దాన్ని వేసే ఓడలు ప్రపంచంలోనే కొన్ని, వాటి కోసం దేశాలు వరుసలో ఉన్నాయి. ఇవాళ ఆర్డరు పెట్టినా చేతికొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఒకసారి తెగితే బాగుచేయడానికి నెలలు పట్టొచ్చు, అందుకే ఒకే కేబుల్ మీద ఆధారపడకండి. గుజరాత్‌లో గాలి కొలిచిన పరికరం పిపావావ్ రేవుకు 23 కిలోమీటర్ల దూరంలోనే ఉండేది. అంత దగ్గరైతే చాలా దూరాలకు వాడే డీసీ కేబుల్ అక్కర్లేదు, మనకు అలవాటైన ఏసీ కేబులే సరిపోతుంది. ఆ తీరానికి దగ్గర్లోనే 2021లో తౌక్టే తుఫాను ఒడ్డు దాటింది, స్తంభాలు వరుసగా కూలాయి. కాబట్టి ఒడ్డు మీది లైను సంగతి కూడా ఇప్పుడే చూడండి. కేబుల్ ఒడ్డుకు చేరాక లైను కోసం మళ్లీ మూడేళ్లు ఆగమంటే ఎవరికీ ఓపిక లేదు.

మా సైట్‌లో ముగ్గురు కుర్రాళ్లు 2024లో స్కీమ్ వార్త చూసి సొంత డబ్బుతో సముద్రంలో పనిచేసే సేఫ్టీ ట్రైనింగ్‌కు వెళ్లారు. రబ్బరు సూట్ వేసుకుని నీళ్లలోకి దూకిన ఫోటోలు పంపారు. ఆ సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. వాళ్లలో ఒకడు మొన్న ఫోన్ చేసి, "సార్, మళ్లీ ఫీజు కట్టమంటారా, వదిలేయమంటారా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

దయచేసి విద్యుత్ శాఖతో కలిసి కూర్చోండి. మళ్లీ టెండరు పిలిచే ముందే కేబుల్‌కు ఆర్డరు పెట్టండి. ఆలస్యమైతే ఎవరు ఎంత కడతారో కాగితం మీద రాయండి. ఏ నెల, ఏ సంవత్సరానికి కేబుల్ పడుతుందో చెప్పండి. ఆ కుర్రాడికి నేను ఫోన్ చేయాలి.

ఇట్లు,
పద్నాలుగేళ్లు గాలిమరల దగ్గర పనిచేసిన ఒక సర్వీస్ ఇంజినీరు