శీనూ, చిన్ని గ్రూపు గురించి

ఒరేయ్ శీనూ,

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ చిన్నికి పదో తరగతిలో 600కి 541 వచ్చాయని చెప్పేటప్పుడు నీ గొంతులో ఉన్న సంతోషం, వెంటనే "ఇంటర్‌లో ఏ గ్రూపులో వెయ్యమంటావురా" అని అడిగేటప్పుడు నీకు పట్టుకున్న టెన్షన్ రెండూ వినబడ్డాయి. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ, నువ్వు సగం విని "సర్లే, చూద్దాంలే" అనేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు. చెల్లెమ్మ చేత కూడా చదివించు.

ముందుగా ఒక్క మాట. మొన్న అడ్మిషన్ల కోసం మీ ఇంటికొచ్చిన ఆ కాలేజీ పీఆర్వోకి ఇంకా డబ్బేమీ కట్టలేదు కదా? ఈ వారంలోపు 10 వేలు కడితే ఫీజులో తగ్గిస్తామన్నాడని చెప్పావు. కట్టకు. పది పరీక్షలు కూడా కాకముందే, జనవరిలోనే ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు వీళ్లు. అలా తిరిగే వాళ్లలో మా పాత విద్యార్థులు కూడా ఉన్నారు. నెలకి ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే జీతమని వాళ్లే చెబుతారు. అతని తొందర అతని జీతం కోసం. మనకి తొందరేముంది?

ఇక అసలు సంగతి. లెక్కల్లో 96 వచ్చాయి కాబట్టి ఎంపీసీ అని నువ్వంటున్నావు. మీ ఆఫీసులో అందరూ అదే అన్నారట. "ఎంపీసీ అయితే అన్ని దారులూ తెరిచే ఉంటాయి" అన్న మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. అందులో నిజం లేకపోలేదు. ఎంపీసీ చదివిన పిల్ల బీటెక్‌కి వెళ్లొచ్చు, బీఎస్సీకి వెళ్లొచ్చు, బీఫార్మసీకి వెళ్లొచ్చు, బీకాంకి కూడా రావచ్చు. నేను అలా వచ్చినవాణ్ణే. కానీ ఆ దారి నేనెలా నడిచానో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

1995లో మనం పది పాసయ్యాక నువ్వు మీ నాన్నతో పోట్లాడి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ తీసుకున్నావు. నన్ను మా నాన్న పట్నం తీసుకెళ్లి హాస్టల్‌తో సహా ఎంపీసీలో చేర్పించారు. వరి కోతలయ్యాక తీరుస్తానని అప్పు తెచ్చి ఫీజు కట్టారు. ఆయన తప్పేమీ లేదు. మా పెదనాన్న కొడుకు ఇంజినీరయ్యాడు, నేనూ అవ్వాలని ఆయన కోరిక. పొద్దున్న ఐదింటికి ఈల వేసేవారు. స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా అంతే. ప్రతి ఆదివారం పరీక్ష పెట్టి, సోమవారం ర్యాంకుల కాగితం మెస్ గోడకి అంటించేవారు. అన్నం పళ్లెం పట్టుకుని దాని ముందు నుంచే వెళ్లాలి. కింద నుంచి మొదలుపెట్టి చూస్తే నా పేరు తొందరగా దొరికేది.

నాకు లెక్కలు వచ్చేవిరా. లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు. ఫిజిక్స్ మాత్రం ఎక్కలేదు. డెరివేషన్లు బట్టీ పట్టి రాసేవాణ్ణి, ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చెయ్యి ఆగిపోయేది. మొదటి ఏడాది ఫిజిక్స్‌లో 21 వస్తే పాసు, నాకు 19 వచ్చాయి. ఆ వేసవిలో ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉండేది. సప్లిమెంటరీ రాసి గట్టెక్కాను, రెండో ఏడాది ఎలాగో లాగాను, ఎంసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకేమీ రాలేదు. తర్వాత మన ఊళ్లో డిగ్రీ కాలేజీలో సీటు మిగిలిందని బీకాంలో చేరాను.

ఖాతాల్లో రెండు వైపులా సరిపోయాయో లేదో చూసే ట్రయల్ బ్యాలెన్స్ మొదటిసారి వేసిన రోజు నాకిప్పటికీ గుర్తుంది. మూడుసార్లు కూడితే మూడుసార్లూ తేడా వచ్చింది. చీకటి పడేదాకా కూర్చుని వెతికితే, జమలో రాయాల్సిన 450 ఖర్చులో రాశానని దొరికింది. దిద్దాక రెండు వైపులా ఒకే అంకె వచ్చింది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ఈల వెయ్యలేదు. అయినా మూడు గంటలు కూర్చున్నాను. నాలో ఇలా కూర్చునే ఓపిక ఉందని ఆ హాస్టల్లో గడిపిన రెండేళ్లలో నాకు తెలియనే లేదు.

అందుకే చిన్ని విషయంలో మార్కుల కన్నా ముందు నాకు ఇంకోటి గుర్తొచ్చింది.

సంక్రాంతికి మీ ఇంటికొచ్చాను కదా. కనుమ నాడు మధ్యాహ్నం నువ్వు నిద్రపోతున్నావు. చిన్ని అరుగు మీద కూర్చుని, బియ్యం డబ్బా మీద లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని ఏదో రాస్తోంది. హోమ్‌వర్కేమో అనుకున్నాను. చూస్తే అత్తయ్య పాల లెక్క. పాల కేంద్రం వాళ్లిచ్చే చీటీలన్నీ దారానికి గుచ్చి పెట్టుకుంది. తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, డబ్బు, అన్నీ పెన్సిలుతో గళ్లు కొట్టి రాసింది. ఉదయం పాలకీ సాయంత్రం పాలకీ వేరే రంగు. సాయంత్రం పాలల్లో వెన్న ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉంటోందని అప్పటికే పట్టేసింది.

నన్ను చూసి అడిగింది, "మావయ్యా, తొమ్మిది రోజులూ ఒకటే వెన్న ఎలా వస్తుంది?"

నోట్‌బుక్ తీసుకుని చూశాను. మీటరు పాడైందని ఆ తొమ్మిది రోజులూ చేత్తో చీటీలు రాసిచ్చారు. రెండు పూటలా 6 శాతమే. అంతకు ముందు పది రోజులు చూస్తే ఏడుకి అటూ ఇటూ ఉంది, మీటరు బాగయ్యాక కూడా అంతే. ముందు పది రోజుల సగటు కట్టి, తర్వాత వారం సగటు కట్టి, మధ్యలో అత్తయ్యకి ఐదొందల చిల్లర తక్కువ వచ్చిందని తేల్చింది. దాణా మార్చలేదు, గేదెలు అవే, కాబట్టి తేడా రాకూడదని కింద కారణం కూడా రాసింది. తర్వాత అత్తయ్య ఆ నోట్‌బుక్ పట్టుకుని కేంద్రానికి వెళితే, తర్వాతి బిల్లులో డబ్బు కలిపి ఇచ్చారని నువ్వే నాతో చెప్పావు. నువ్వది నవ్వుతూ చెప్పావు. నాకు మాత్రం ఆ రాత్రి బస్సులో అదే ఆలోచన. పదిహేనేళ్ల పిల్ల, ఎవరూ అడగకుండా, సగటుని సాక్ష్యంగా నిలబెట్టింది. నా క్లాసులో రెండో ఏడాది పిల్లలకి కూడా ఇది చెప్పి చెప్పి నేర్పించాలిరా.

ఇప్పుడు మార్కుల కాగితం మళ్లీ తియ్యి. లెక్కలు 96. నిజమే. ఫిజికల్ సైన్స్ 50కి ఎంత? 36. సర్క్యూట్ల పాఠం నువ్వే దగ్గర కూర్చోబెట్టి చెప్పినా దానికి విసుగొచ్చేదని చెల్లెమ్మ అంది. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కరెంటంటే నీకు ప్రాణం. ఎనిమిదో తరగతిలో మీ ఇంట్లో రేడియో విప్పి బిగించి, మీ నాన్న చేత తన్నులు తిన్నావు. అంత ఇష్టం నీకు దానిలో దొరికింది. చిన్నికి ఇంకో చోట దొరుకుతోంది, అంతే.

నేను చెప్పదలుచుకున్నది ఎంఈసీ. లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్. సీఈసీ ఎందుకు కాదంటే, అందులో లెక్కలు ఉండవు, వాటి బదులు సివిక్స్ ఉంటుంది. సివిక్స్ మంచి సబ్జెక్టే. లా చదవాలనుకునే పిల్లలకీ, గ్రూప్స్, సివిల్స్ మీద మనసున్న వాళ్లకీ బాగా పనికొస్తుంది. కానీ 96 తెచ్చుకున్న పిల్ల చేత లెక్కలు మాన్పించడం నాకిష్టం లేదు. పైగా లెక్కలు వదిలేస్తే కొన్ని తలుపులు మూసుకుంటాయి. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలంటే ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది చూడు, అక్కడ బీస్టాట్‌కి, అంటే స్టాటిస్టిక్స్ డిగ్రీకి, ఎంట్రన్స్ రాయాలన్నా ఇంటర్‌లో లెక్కలు, ఇంగ్లీషు చదివి ఉండాలి. ఫిజిక్స్ అక్కర్లేదు. సి.ఆర్.రావు గారు మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే చేసి, కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ చదివి, ఆ సంస్థలోనే దశాబ్దాలు పనిచేశారు. పాల చీటీల మీద సగటు కట్టిన పిల్లకి అలాంటి చోటు ఒకటుందని తెలియాలి కదా. సీటు వస్తుందని చెప్పట్లేదు, ఆ పరీక్ష చాలా కష్టం. తెలియాలి అంటున్నాను.

సీఏ గురించి కూడా అడిగావు. ఇంటర్ అయ్యాక ఫౌండేషన్ అనే మొదటి పరీక్ష రాయాలి. నాలుగు పేపర్లు. అకౌంటింగ్, బిజినెస్ లాస్, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, ఎకనామిక్స్. ప్రతి పేపర్‌లో 40 రావాలి, మొత్తం మీద 50 శాతం రావాలి. ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు గానీ, ఈ నాలుగింట్లో బిజినెస్ లాస్ తప్ప మిగతావి ఎంఈసీ పిల్లలకి కొత్తగా అనిపించవు. మూడో పేపర్‌లో లెక్కలే ఉంటాయి, సీఈసీ పిల్లలు ఎక్కువగా అక్కడే దెబ్బతింటారు. అయితే ఇప్పుడే ఇంటిల్లిపాదీ "మా పాప సీఏ" అని చెప్పుకోవద్దు. అది ఏళ్లు పట్టే చదువు, మధ్యలో ఆగిపోయేవాళ్లు చాలామంది. ఎంఈసీలో చేరి, రెండేళ్లు చదివి, అప్పుడు దానికే తెలుస్తుంది.

పోయేవేమిటో కూడా చెప్పాలి. ఎంఈసీ తీసుకుంటే బీటెక్ ఉండదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ లేకుండా ఈఏపీసెట్ ఇంజినీరింగ్ లేదు. ఇంటర్ అవగానే నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో ఆఫీసరయ్యే దారి కూడా ఉండదు, దానికి ఫిజిక్స్ కావాలి. మెడిసిన్ సరేసరి. కంప్యూటర్లు మాత్రం పూర్తిగా పోవు, బీసీఏ ఉంది. ఇవన్నీ చిన్నికి దాచకుండా చెప్పు. రేపు "నాకెవరూ చెప్పలేదు" అని అది అనకూడదు.

నువ్వొకటి అంటావు, నాకు తెలుసు. "ముందు ఎంపీసీ చదివించి తర్వాత కామర్స్‌కి తిప్పుదాం" అని. దువ్వూరి సుబ్బారావు గారి పేరు కూడా తెస్తావు. ఆయన ఖరగ్‌పూర్ ఐఐటీలో, కాన్పూర్ ఐఐటీలో ఫిజిక్స్ చదివి, 1972లో సివిల్స్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకుని, తర్వాత ఎకనామిక్స్ చదివి, రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు. నిజమే, దారి తర్వాత కూడా మార్చుకోవచ్చు. కానీ ఎమ్మెస్సీ దాకా వెళ్లిన మనిషి ఫిజిక్స్‌ని భరిస్తూ చదివి ఉండరు కదరా. ఇష్టంతో చదివిన ఏ చదువైనా తర్వాత పనికొస్తుంది. నేను హాస్టల్లో చదివిన ఫిజిక్స్ నాకు దేనికీ పనికిరాలేదు. భయం మాత్రం చాలా ఏళ్లు మిగిలింది. ఇప్పటికీ గోడ మీద ర్యాంకుల కాగితం కనిపిస్తే చూపు పక్కకి తిప్పుకుంటాను.

ఎంపీసీ వాళ్లు తెలివైనవాళ్లు, సీట్లు దొరకనివాళ్లు కామర్స్‌కి వస్తారు అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతి జూలైలో మా కాలేజీకి ఒకరిద్దరు టీసీ పట్టుకుని వస్తారు. "సార్, ఎంపీసీలో ఏడాది పోయింది, సీఈసీలో చేర్చుకుంటారా" అని. తలెత్తరు. రెండేళ్ల కిందట ఒక అబ్బాయి నెల రోజులు చివరి బెంచీలో నోరు విప్పకుండా కూర్చున్నాడు. ఒకరోజు బోర్డు మీద నేను వేసిన జర్నల్ ఎంట్రీలో తప్పు ఉందని లేచి నిలబడ్డాడు. నిజంగానే తప్పుంది. చప్పట్లు కొట్టించాను. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాది పోకుండా ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

అలాగని కామర్స్ సులువని ఎవరైనా అంటే నమ్మొద్దు. సులువని చేరిన పిల్లలు అక్టోబరు వచ్చేసరికి నీరసపడిపోతారు. అకౌంట్లు రోజూ చెయ్యాలి, రెండు రోజులు వదిలితే మూడో రోజు పాఠం అర్థం కాదు.

మిగతావి చెప్పేసి ముగిస్తాను. నూజివీడు ట్రిపుల్ ఐటీ గురించి అడిగావు. అది పది మార్కుల మీద ఇచ్చే సీటు, ఆరేళ్లు ఉండాలి, అయ్యేది ఇంజినీరింగే. కాబట్టి పై మాటే దానికీ వర్తిస్తుంది. బైపీసీ ఊసు అది ఎత్తలేదన్నావు, మనమూ ఎత్తొద్దు. ఈ మధ్య మన దగ్గర లెక్కలు, బయాలజీ రెండూ కలిపి చదివే వీలు కూడా తెచ్చారు. రెండూ ఇష్టమున్న పిల్లలకి అది మంచిదే, చిన్నికి అవసరం లేదు.

ఇబ్బందల్లా ఒకటే. ఎంఈసీ అన్ని చోట్లా ఉండదు. మా కాలేజీలో సీఈసీయే ఉంది. ఏలూరులో, రాజమండ్రిలో నాకు తెలిసిన లెక్చరర్లు ఉన్నారు, ఈ మూడు రోజుల్లో కనుక్కుంటాను. లెక్కలకి, అకౌంట్లకి విడివిడిగా మాస్టార్లు ఉన్నారా, రోజుకి ఎన్ని పీరియడ్లు, ఇవి చూసి చెబుతాను. భవనం ఎన్ని అంతస్తులో నాకు అక్కర్లేదు. హాస్టలైతే నువ్వూ నేనూ కలిసి వెళ్లి, మెస్‌లో ఒక పూట తిని చూద్దాం.

అంతకన్నా ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. ఇవన్నీ నేనూ నువ్వూ మాట్లాడుకుంటున్నాం, ఇంతవరకూ చిన్నిని ఎవరూ అడగలేదు. ఈ ఆదివారం అత్తయ్యతో సహా అందరూ మా ఇంటికి రండి. ఎకనామిక్స్, అకౌంట్స్ మొదటి ఏడాది పుస్తకాలు, ఎంపీసీ ఫిజిక్స్ పుస్తకం బల్ల మీద పెట్టి ఉంచుతాను. భోజనాలయ్యాక మనం పెరట్లో కూర్చుందాం, దాన్ని ఒక గంట వాటితో వదిలేద్దాం. తర్వాత అది ఏం చెబుతుందో విందాం. ఫిజిక్స్ పుస్తకమే పట్టుకుని వస్తే, నేను రాసిందంతా పక్కన పెట్టి ఎంపీసీలోనే వేద్దాం. నేనే దగ్గరుండి చేర్పిస్తాను.

ఆ పాల నోట్‌బుక్ కూడా తెమ్మని చెప్పు. సంక్రాంతి తర్వాత ఏం రాసిందో చూడాలని ఉంది.

నీ
రాఘవ