ముందు గండి పూడ్చాలి, యంత్రం తర్వాత: ఇంధన, గృహనిర్మాణ శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. చలికాలంలో ఇళ్లను వెచ్చగా ఉంచుకోవడానికి ప్రభుత్వాలు చేసే సాయం సాధారణంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఇంధన బిల్లులో కొంత భాగాన్ని తామే భరించడం ఒకటి. పాత హీటరో, నీటిని కాచి గదులకు వేడి అందించే బాయిలరో తీసేసి కొత్త యంత్రం పెట్టుకునేవారికి రాయితీ ఇవ్వడం రెండోది. రెండింటి వెనుకా సదుద్దేశమే ఉంది. బిల్లు కట్టలేక చలిలో వణికే వృద్ధులకు, పసిపిల్లలున్న కుటుంబాలకు మొదటి సాయం ప్రాణాధారమన్న సంగతీ నాకు తెలుసు. అయితే ఈ రెండూ ఇంట్లోకి చేరే వేడిని గురించి ఆలోచిస్తాయే తప్ప ఇంట్లోంచి బయటికి పోయే వేడిని గురించి ఆరా తీయవు. గట్టుకు గండి పడిన మడికి ఎన్ని గంటలు నీరు పెట్టినా నిలవదని తెలిసిన మనమే, ఇంటి విషయానికి వచ్చేసరికి గండిని వదిలేసి పెద్ద మోటారు కొనుక్కోవడానికి డబ్బులిస్తున్నాం. ఆ వరుసను తిరగవేసి, ముందు కొలత, తర్వాత సందులు, ఆపైన కప్పూ గోడలూ, చివరికి యంత్రం అనే క్రమాన్ని రాయితీకి షరతుగా పెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. అద్దె ఇళ్లలో చాలా చలికాలాలు గడిపి, ప్రతి ఏడూ బిల్లు చూసి ఉలిక్కిపడి, ఆ ఉలికిపాటు కారణంగానే ఈ విషయం చదువుకున్నవాణ్ణి. ఒకసారి హీటింగ్ యంత్రం మార్చడానికి వచ్చిన సంస్థ మనిషి నాలుగు గదులూ కలియదిరిగి, పాత యంత్రం మీద ఉన్న సంఖ్య చూసుకుని, దానికన్నా ఒక మెట్టు పెద్దది రాసి వెళ్లిపోయాడు. అటక మీదికి ఎక్కి చూడలేదు, తలుపు కింద చెయ్యి పెట్టి చూడలేదు. అతని తప్పని అనలేను. రాయితీ యంత్రానికే వస్తుంది కాబట్టి అతని చూపు యంత్రం మీదే ఉంది.

తలుపు కింద చెయ్యి పెట్టి చూడడం ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. నూరు చదరపు మీటర్ల వైశాల్యం, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న ఇంట్లో 250 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. సందుల గుండా ఆ గాలంతా గంటకొకసారి మారిపోతూ, లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉంటే, అలా పోయే వేడిని భర్తీ చేయడానికే సుమారు 1,650 వాట్లు నిరంతరాయంగా కావాలి. అంటే ఒక గది హీటరు రాత్రీ పగలూ పనిచేస్తున్నా అది ఎవరినీ వెచ్చబరచడం లేదు, వీధిలోకి పోయే గాలిని మాత్రమే వేడి చేస్తోంది. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేచి అటక తలుపు అంచుల నుంచీ, దీపాలకూ పైపులకూ కప్పులో తొలిచిన రంధ్రాల నుంచీ బయటపడుతుంది. ఆ ఖాళీని నింపడానికి గడప కిందనుంచీ గోడ మొదళ్లనుంచీ చల్లగాలి లోపలికి వస్తుంది. పాదాల దగ్గర చలి తగిలినప్పుడు మనం తిట్టుకునేది కిటికీని, కాని ఆ చలిని లోపలికి లాగుతున్న దారి తరచుగా మన నెత్తిమీద ఉంటుంది. అందుకే కింది సందులు మాత్రమే మూసి, పైవాటిని వదిలేసినవారికి ఆశించిన ఫలితం కనిపించదు.

ఈ గాలి పోకను కంటితో అంచనా వేయనవసరం లేదు. వీధి తలుపు స్థానంలో పెద్ద ఫ్యాను బిగించి, లోపలికీ బయటికీ 50 పాస్కళ్ల ఒత్తిడి తేడా కల్పించి, ఆ తేడాను నిలబెట్టడానికి ఎంత గాలి తోడాల్సి వస్తుందో కొలిచే పరీక్ష దశాబ్దాలుగా వాడుకలో ఉంది. దాన్ని బ్లోయర్ డోర్ పరీక్ష అంటారు. ఫ్యాను తిరుగుతుండగా ఇల్లంతా తిరిగితే ఏ మూల ఈల వేస్తోందో చెవికే తెలుస్తుంది. ఉష్ణ చిత్రాలు తీసే కెమెరా తోడైతే గోడలో ఇన్సులేషన్ (వేడి పోకుండా అడ్డుపెట్టే పొర) జారిపోయిన చోట్లు కూడా చల్లని మచ్చలుగా కనబడతాయి. ఇంత తేలికైన పరీక్ష రాయితీ దరఖాస్తులో తప్పనిసరి ఎందుకు కాలేదో నాకు అంతుబట్టదు.

సందుల తర్వాతి స్థానం ఇన్సులేషన్‌ది. వేడిని ఆపే పని నిజానికి చేసేది కదలని గాలి. ఖనిజ ఉన్ని, నురగ పలకలు, చీల్చి నింపిన కాగితపు పీచు ఇవన్నీ గాలిని చిన్న చిన్న అరల్లో కదలకుండా పట్టి ఉంచే సాధనాలు. పది సెంటీమీటర్ల ఖనిజ ఉన్ని ఆపినంత వేడిని ఇటుకతో ఆపాలంటే గోడ మందం ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు ఉండాలి. ఇక్కడ విధాన రూపకర్తలు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఏ ఇన్సులేషనూ లేని మామూలు ఇటుక గోడకు తొలి ఐదు సెంటీమీటర్లు తొడిగితే దాని గుండా పోయే వేడిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆగిపోతుంది. దానిపై మరో ఐదు సెంటీమీటర్లు వేస్తే అదనంగా ఆగేది మొదటి నష్టంలో పదో వంతుకు కాస్త ఎక్కువ. ఇప్పటికే బాగున్న ఇంటిని మరింత మెరుగుపరచడానికి ఖర్చయ్యే ప్రజాధనం, బొత్తిగా ఏమీ లేని ఇంటికి పెడితే ఎన్నో రెట్లు ఫలిస్తుందని దీని అర్థం. ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో మాత్రం సాయం సాధారణంగా మొదటి రకం ఇళ్లకే చేరుతుంది, ఎందుకంటే దరఖాస్తు నింపే తీరికా, తమ వాటా పెట్టుబడీ వారి దగ్గరే ఉంటాయి.

కిటికీల గురించి ఎక్కువ చెప్పను. ఒంటి గాజు పలక చదరపు మీటరుకు, ప్రతి డిగ్రీ తేడాకు, ఐదున్నర వాట్లకు పైగా వదిలేస్తుంది; జంట పలకలు దాన్ని సగానికి తెస్తాయి; వేడిని తిప్పికొట్టే పూత, మధ్యలో ఆర్గాన్ వాయువు ఉన్న నేటి రకాలు ఒకటింబావు దరిదాపులకు తెస్తాయి. మంచివే. అయితే ఖర్చులో ముందుండి పొదుపులో అటక ఇన్సులేషన్ కన్నా తరచుగా వెనకబడే వీటికి ప్రకటనల్లో దక్కే చోటు వాటి ప్రయోజనాన్ని మించినది. చట్రం చుట్టూ రబ్బరు పట్టీ వేయడం, రాత్రివేళ దళసరి తెరలు దించడం, ఎండ పడే వైపు పగలు వాటిని తీసి ఉంచడం వెంటనే చేయదగిన పనులు.

ఇంతవరకు చెప్పినదానికి ఒక హెచ్చరిక జోడించకపోతే నేను కూడా తప్పుదారి పట్టించినవాణ్ణవుతాను. ఒక చలికాలం మొదట్లో నేను ఉత్సాహం పట్టలేక ఇంట్లోని ప్రతి సందుకూ టేపు అతికించాను, గాలి గూళ్లతో సహా. నెల తిరగకుండా బీరువా వెనక గోడ మీద నల్లటి బూజు లేచింది. 20 డిగ్రీల దగ్గర, తాను పట్టి ఉంచగల తేమలో సగం ఉన్న గాలి సుమారు 9 డిగ్రీల ఉపరితలాన్ని తాకగానే నీరు కక్కుతుంది. బూజు పట్టడానికి అంత చల్లదనం కూడా అవసరం లేదు, 12 లేదా 13 డిగ్రీల గోడ మూల చాలు. వంట, స్నానం, ఆరేసిన బట్టలు, చివరికి మన ఊపిరి కూడా తేమను పెంచుతూనే ఉంటాయి. నేను మూసేసింది వాటి దారిని. ఇది బూజుతో ఆగితే అదృష్టమే. ఇంట్లో గాలిని వాడుకుని మండే హీటరో పొయ్యో ఉన్నప్పుడు గాలి మార్పిడి తగ్గితే, వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ పోగై నిద్రలోనే ప్రాణం తీయగలదు. కాబట్టి సందులు మూయడానికి ఇచ్చే ప్రతి రాయితీ వెంట, వంటింట్లో స్నానాల గదిలో గాలిని బయటికి నెట్టే ఫ్యాను, మంట ఉన్న చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా ఉండాలి. బాగా బిగుతైన ఇళ్లకు బయటికి పోయే గాలి వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రాలున్నాయి. 1977లో కెనడాలోని సస్కాచెవాన్‌లో కట్టిన నమూనా ఇల్లు ఇదే సూత్రం మీద పనిచేసింది; జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో జనం కాపురం పెట్టిన తొలి పాసివ్ హౌస్ (అతి తక్కువ హీటింగుతో వెచ్చగా ఉండేలా కట్టిన ఇల్లు) కూడా అంతే. ఆ తర్వాత స్థిరపడిన పాసివ్ హౌస్ ప్రమాణం ఒక చదరపు మీటరును ఏడాదంతా వెచ్చగా ఉంచడానికి 15 యూనిట్లకు (కిలోవాట్ అవర్లకు) మించి అడగరాదని చెబుతుంది. పాత ఇళ్లన్నీ అక్కడికి చేరాలని నేను కోరడం లేదు. గాలిని మూయడం, గాలిని నడిపించడం ఒకే పనికి రెండు సగాలని ఆ ఇళ్లు కట్టినవారు గుర్తించారు, మన నిబంధనలు ఇంకా గుర్తించలేదు.

యంత్రం ఎందుకు చివర రావాలో ఇప్పుడు చెప్పడం సులువు. బయటి వేడిని ఇంట్లోకి తోడే హీట్ పంపు ఒక యూనిట్ విద్యుత్తు తీసుకుని మూడు, నాలుగు యూనిట్ల వేడిని ఇవ్వగలదు, కాని బయట చలి పెరిగేకొద్దీ, గదులను వెచ్చబరిచే రేడియేటర్లలోకి పంపవలసిన నీరు వేడెక్కవలసినకొద్దీ ఆ నిష్పత్తి పడిపోతుంది. వేడిని నిలుపుకోలేని ఇల్లు బాగా కాగిన నీటినే అడుగుతుంది. గ్యాస్ బాయిలర్ల సంగతీ అంతే: పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా రాబట్టే రకాలు, తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉంటేనే ఆ పని చేస్తాయి. ముందు యంత్రం పెట్టి తర్వాత గోడలు బాగుచేస్తే, అవసరానికి మించిన పెద్ద యంత్రం మాటిమాటికీ ఆగుతూ మొదలవుతూ త్వరగా అరిగిపోతుంది. ప్రభుత్వం ఒకే ఇంటికి రెండుసార్లు చెల్లించినట్టవుతుంది.

థర్మోస్టాట్ (ఇంటి వేడిని నియంత్రించే మీట) తగ్గించుకోమని ప్రజలకు చేసే విజ్ఞప్తుల విషయంలోనూ ఒక మాట. నష్టం లోపలి బయటి తేడాను బట్టి ఉంటుంది కాబట్టి, బయట 1 డిగ్రీ ఉన్నప్పుడు ఇంటిని 21 నుంచి 20కి తగ్గిస్తే ఐదు శాతం మిగులుతుంది. బయట 11 ఉంటే అదే తగ్గింపు పది శాతం మిగులుస్తుంది. మంచి సలహానే. అయితే సమశీతోష్ణ, శీతల ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. అప్పటికే 15 డిగ్రీల ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలివారికి ఇంకా తగ్గించుకోమని చెప్పే కరపత్రం చేరితే వారు మనల్ని ఏమనుకుంటారో ఊహించవచ్చు.

అద్దెదారుల పరిస్థితి వేరు, నాకు బాగా తెలిసినదీ అదే. ఇన్సులేషన్ వేయించగలిగినది యజమాని, బిల్లు కట్టేది అద్దెదారు. ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది అయినప్పుడు పని జరగదు. ఎంత రాయితీ పెంచినా ఈ చిక్కు దానంతట విడిపోదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2018 ఏప్రిల్ నుంచి, ఇంధన సామర్థ్య ధ్రువపత్రంలో (ఎ నుంచి జి దాకా ఉండే స్థాయిల్లో) ‘ఇ’ స్థాయి కూడా లేని ఇంటిని, కొన్ని మినహాయింపులతో, కొత్తగా అద్దెకివ్వడం నిషేధించారు. అటువంటి కనీస స్థాయిని చట్టంగా పెట్టి, దాన్ని చూపి అద్దె అమాంతం పెంచకుండా కొంతకాలం పరిమితి విధించడం తప్ప నాకు మరో దారి కనిపించడం లేదు.

డబ్బు సమకూర్చే తీరులో ఇతర దేశాల అనుభవం రెండు అంచులనూ చూపిస్తుంది. బ్రిటన్ 2013లో ప్రారంభించిన గ్రీన్ డీల్ పథకం, ఇల్లు బాగుచేయించుకుని ఆ అప్పును విద్యుత్ బిల్లుతో పాటు తీర్చే ఏర్పాటు చేసింది. వడ్డీ చూసి జనం దూరంగా ఉండడంతో 2015లోనే ప్రభుత్వం దానికి నిధులు ఆపేసింది. ఇటలీ 2020లో దానికి పూర్తిగా ఎదురు దిశలో వెళ్లి, ఖర్చులో 110 శాతాన్ని పన్ను రాయితీగా తిరిగిచ్చింది. యజమానికి జేబులోంచి పైసా పోనప్పుడు అంచనా ఎంత వేసినా అడిగేవాడుండడు. ఖజానా మీద పడిన భారం అంచనాలను ఎన్నో రెట్లు దాటిపోయింది. పేదవారికి పూర్తి సాయం, మిగతావారికి సగం దాకా సాయం, రెండింటికీ పని తర్వాత కొలతలో తేలిన ఫలితాన్ని బట్టి చివరి వాయిదా అనే పద్ధతి ఈ రెండు గోతులనూ తప్పిస్తుందని నా అభిప్రాయం. తక్కువ ఆదాయం ఉన్నవారి ఇళ్ల బాగుకు అమెరికా 1976 నుంచి నడుపుతున్న కార్యక్రమం, ముందు ఇంటిని పరీక్షించి తర్వాత పని నిర్ణయించే పద్ధతిలోనే ఇన్నేళ్లు సాగుతోంది.

రాయితీ దరఖాస్తు మొదటి పేజీలో ఏ యంత్రం, ఎంత సామర్థ్యం, ఏ సంస్థ తయారీ అనే గళ్లు ఉంటాయి. వాటికన్నా పైన మూడు గళ్లు చేర్చమని నా విన్నపం: ఫ్యాను పరీక్షలో ఈ ఇంటి గాలి గంటకు ఎన్నిసార్లు మారింది, అటకలో ఇన్సులేషన్ మందం ఎంత, ఇంట్లో గాలి బయటికి వెళ్లే ఏర్పాటు ఏమిటి. ఆ మూడూ ఖాళీగా ఉన్న దరఖాస్తుకు యంత్రం రాయితీ బదులు, పరీక్ష చేసే మనిషిని ఉచితంగా పంపించే ఉత్తర్వు వచ్చే చలికాలానికి ముందే వెలువడితే, వరసలో నిలబడే మొదటివాళ్లలో నేనూ ఉంటాను. బీరువా వెనక గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక అద్దె ఇంటి నివాసి