అన్నమ్మ గారి పండుగ పనులు, యానాం

అందరికీ వందనాలు. జూలై 26న మరియమాత తల్లి, మన పునీత అన్నమ్మ గారి పండుగ. 17 నుంచి నవదిన ప్రార్థనలు. శనివారం పొద్దున్నే గుడి శుభ్రం చేద్దాం, ఇంటికి ఒక్కరైనా రండి.

నిన్న పక్క తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. వానకి చెక్క ఉబ్బి తలుపు నేలకి రాసుకుంటోంది, గడప మీద గీత పడింది. లోపల కొవ్వొత్తుల మైనం గట్టిపడి పీఠం మెట్టుకి అంటుకుపోయింది. దయచేసి చాకుతో గీకకండి. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిస్తే వస్తుంది. ఇది 1846లో కట్టిన గుడి, ఫ్రెంచి వాళ్ళ కాలం నుంచి మన తాతముత్తాతలు మోకరించిన చోటు. ఒక్క పెచ్చు ఊడినా నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

వరద టెన్షన్ కూడా ఉంది. 2022లో సరిగ్గా ఈ రోజుల్లోనే గోదావరి మన వీధుల్లోకి వచ్చింది. అందుకే పూజ వస్త్రాలు, జ్ఞానస్నానం పుస్తకాలు ముందే ఎత్తులో పెట్టేద్దాం. ఫాదర్ గారితో మాట్లాడాను, సరేనన్నారు.

మంచం దిగలేని పెద్దవాళ్ళు ఎవరింట్లో ఉన్నా నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఫాదర్ గారు ఇంటికే వచ్చి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) ఇస్తారు.